మాట పడిపోతే ఎవరి దగ్గరికి పోవాలి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది సర్కారు దయతలచి వేసే భిక్ష కాదని, ఉద్యోగి హక్కని తీర్పు చెప్పింది. దాని మీద మాట్లాడేవారు వేదిక మీదనే ఉన్నారు. డి.ఎ. బకాయిల మీద మాట్లాడేవారు వేదిక కింద ఇంకా ఎక్కువమంది ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. బి.పి., షుగరు గురించి చెప్పేంత చదువు నాకు లేదు. 33 ఏళ్లు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా ఫైళ్లు నడిపి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాణ్ణి. నాకు తెలిసిన ఒక్క సంగతి చెబుతాను. ఇంట్లో మనిషికి మాట పడిపోతే ఎవరి దగ్గరికి పోవాలి అన్నది. అది తెలుసుకునేందుకు నాకు ఐదు నెలలు పట్టింది. మీకు అంత పట్టకూడదని మనవి చేసుకుంటున్నాను.

2019 సెప్టెంబరులో ఒకనాటి తెల్లవారుజామున మా ఇంటామె వాకిట్లో కళ్లాపి చల్లుతూ చల్లుతూ కుడిపక్కకు ఒరిగిపోయింది. చెంబు చేతిలోంచి జారిపోయింది. లేపి కూర్చోబెట్టి "ఏమైంది?" అంటే నోరు వంకర పోయి, మాట రాలేదు. మా బ్రహ్మంగారిమఠం నుంచి మైదుకూరు, అక్కడినుంచి కడప. ఒక ఆసుపత్రిలో 11 రోజులున్నాం. మెదడుకు ఎడమపక్క రక్తనాళం మూసుకుపోయిందన్నారు. గడ్డ కరిగించే ఇంజక్షను నాలుగున్నర గంటల్లోపల పడాలంట. మేము కారు దొరికించుకుని పోయేసరికే ఆ గడువు దాటింది. ఇది నేను మీకు చెప్పదలచిన విషయం కాదు గానీ, దాటిపోయే ముందు ఒకసారి చెప్పాలి. నోరు వంకర పోయినా, చెయ్యి వాలినా, మాట ముద్ద అయినా, "కాసేపు పడుకుంటే సర్దుకుంటుందిలే" అనవద్దు.

ప్రాణం దక్కింది. డిశ్చార్జి కాగితంలో మాత్రలు రాశారు, కాలికి చేతికి ఫిజియోథెరపీ రాశారు. మాట గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే "టైము పడుతుంది పెద్దాయనా, అదే వస్తుంది" అన్నారు. కాగితంలో లేనిది లేనట్టే అని నమ్మిన గుమాస్తా బుద్ధి నాది. ఇంటికి తీసుకొచ్చేశాను.

ఇంటికొచ్చాక కాలు కొంచెం కొంచెం కదిలింది. మాట మాత్రం ఒక్కటే మిగిలింది. "అది కాదు." అన్నం పెట్టేదా అంటే "అది కాదు". కోడలు ఫోను చేసింది అంటే "అది కాదు". నవ్వినా అదే, ఏడ్చినా అదే. తర్వాత తెలిసింది, ఇది లోకంలో కొత్తదేమీ కాదని. 1861లో ప్యారిస్‌లో బ్రోకా అనే డాక్టరు దగ్గర ఒక రోగి ఉండేవాడంట. ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడంట. అతను చనిపోయాక మెదడు కోసి చూస్తే ఎడమపక్క ముందుభాగం చెడిపోయి ఉంది. మనుషుల్లో ఎక్కువమందికి మాట ఉండేది మెదడులో ఎడమపక్కనే అని అట్లా బయటపడింది. ఎడమపక్క దెబ్బ తగిలితే కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ కలిసి పోయేది అందుకే.

ఊరంతా వచ్చి చూసిపోయారు. అందరూ మంచివాళ్లే. ఒకావిడ వస తెచ్చి తేనెలో అరగదీసి నాలుకకు రాసింది. చిన్నపిల్లలకు మాటలు రావడానికి మన ఇళ్లలో చేసేదే కదా. ఈమెకు అది గొంతుకు అడ్డంపడి, ఊపిరాడక కళ్లు తేలేసింది. నీళ్లు తాగినా దగ్గే. నేను దాన్ని పట్టించుకోలేదు. జనవరిలో జ్వరమొచ్చి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. తాగిన నీళ్లు గొంతులో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతున్నాయని అప్పుడు చెప్పారు. పక్షవాతం వచ్చిన మనిషి నీళ్లు తాగేటప్పుడు దగ్గినా, తాగాక గొంతు గరగరమన్నా, అది చూడాల్సినవాళ్లు ఉన్నారు. మింగడం బాగుచేసేవాళ్లూ, మాట బాగుచేసేవాళ్లూ ఒకరే. ఆ సంగతి నాకు తెలియదు. మా చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

మాట అంటే గొంతు అనుకుని ముక్కు, చెవి, గొంతు డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన దీపం పెట్టి చూసి గొంతు శుభ్రంగా ఉందన్నాడు. నిజమే చెప్పాడు. తర్వాత ఒక పట్నంలో చెవి మిషన్లు అమ్మే అంగడి బోర్డు మీద "మాట, వినికిడి" అని రాసుంటే లోపలికి పోయాను. అంగడాయన చెవిలో ఏదో పెట్టి తీసి, మిషను పెడితే వినపడుతుంది, వినపడితే మాట వస్తుంది అన్నాడు. ఈమెకు చెవులు బ్రహ్మాండంగా వినిపిస్తాయి. పక్కింట్లో గిన్నె పడితే ఎవరింట్లో పడిందో చెప్పే మనిషి. అయినా డబ్బు తీయబోయాను. ఆశ అట్లాంటిది. ఈమె నా చెయ్యి పట్టుకుని లాగి "అది కాదు, అది కాదు" అంది. ఆ రోజు ఆ మాట సరిగ్గా సరిపోయింది.

దారి ఎక్కడ దొరికిందో చెబితే మన సంఘానికి గౌరవం. బ్యాంకులో వరుసలో నిలబడి ఉంటే, ముందున్న రిటైర్డు పంచాయతీ ఉద్యోగి ఒకాయన మాటల్లో తన మనవరాలి సంగతి చెప్పాడు. ఆ పాపకు పుట్టుచెవుడు. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను అయింది. ఆపరేషను తర్వాత మాటలు నేర్పే మేడం ఒకామె కడపలో ఉంది అన్నాడు. "చెవిటిపాపకు మాట నేర్పే ఆమె మీ ఇంటామెకు నేర్పదా?" అన్నాడు. అంత తేలికగా. నేను ఐదు నెలల్లో ఒక్కసారి కూడా ఆ ప్రశ్న వేసుకోలేదు.

ఆ అమ్మాయి అరగంట కూర్చుని చూసింది. అప్పటిదాకా ఎవరూ చెప్పని మాట చెప్పింది. "తాతా, అవ్వకు మతి పోలేదు. మీరు చెప్పేది చాలా భాగం అర్థమవుతుంది. ఏం చెప్పాలో లోపల ఉంది. మాట దొరకడం లేదు. దీన్ని అఫేసియా అంటారు." ఆమె ఎక్కువగా పిల్లలను చూస్తుందంట. పెద్దవాళ్ల పక్షవాతం కేసులు చూసే తన సీనియరు హైదరాబాదులో ఉందని చీటీ రాసిచ్చింది. బస్సెక్కి ఇంటికొచ్చేదాకా మా ఇంటామె కిటికీ వైపు తిరిగి ఏడుస్తానే ఉంది. ఐదు నెలలుగా ఆమె ఎదుటనే మేమందరం ఆమెను గురించి, ఆమె లేనట్టు మాట్లాడుకున్నాం. అన్నీ విన్నది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

2020 ఫిబ్రవరిలో వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదు పోయి, బంధువుల ఇంట్లో రెండు వారాలున్నాం. ఆ సీనియరు మేడం మొదటి రోజు పరీక్షలో రెండు తమాషాలు జరిగాయి. "అమ్మా, మీవారి పేరేంటి?" అని అడిగింది. ఈమె తల దించుకుంది. మళ్లీ అడిగితే మళ్లీ అంతే. మేడం కాగితం మీద ఏదో రాసుకుంటుంటే నేను ఆపాను. "అమ్మా, 45 ఏళ్ల కాపురంలో ఈమె నా పేరు నోటితో పలకలేదు. అది జబ్బు కాదు" అన్నాను. రెండోది, బొమ్మలు చూపించి పేర్లు చెప్పించేటప్పుడు ఉల్లిపాయ బొమ్మ పెట్టింది. చాలాసేపు తంటాలు పడి ఈమె "ఎ... ఎర్ర... గడ్డ" అంది. ఐదు నెలల్లో వచ్చిన తొలి మాట! మేడంది కోస్తా ప్రాంతం. రంగు చెబుతోంది, వస్తువు పేరు రాలేదు అనుకుంది. మా సీమలో ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారని, వెల్లుల్లిని తెల్లగడ్డ అంటారని, ఆలుగడ్డ ఉర్లగడ్డ అని నేను చెప్పాల్సి వచ్చింది. ఆమె నవ్వి, ఆ బొమ్మల పుస్తకం మూసేసి, "అయితే ఇది మనకు పనికిరాదు. మీ ఇంట్లో వస్తువులతో మీరే ఒక పుస్తకం తయారుచేయండి" అంది.

ఇంకొకటి చూపించింది. వేళ్లు చూపి "ఎన్ని?" అంటే ఈమె చెప్పలేదు. "ఒకటి, రెండు..." అని మేడం మొదలుపెడితే తనంతట తాను పది దాకా పోయింది. వారాల పేర్లూ అంతే. నోటికి అలవాటైనవి మెదడులో వేరే దారిన వస్తాయంట. అప్పుడు నాకు ఒకటి తట్టింది. మా ఊళ్లో వైశాఖ శుద్ధ దశమికి స్వామివారి ఆరాధన జరిగినన్నాళ్లూ రాత్రుళ్లు బ్రహ్మంగారి తత్వాలు పాడతారు. ఈమె పెళ్లై వచ్చిననాటి నుంచి ఆ గుంపులో కూర్చుని పాడిన మనిషి. నేను గొంతు లేని వాణ్ణే అయినా ఒక తత్వం ఎత్తుకున్నాను. రెండో చరణంలో నేను తప్పాను. ఈమె తప్పలేదు. మేడం రాసుకోవడం ఆపి చూస్తూ ఉండిపోయింది.

దీన్ని చికిత్సగా వాడే పద్ధతి ఒకటి ఉందంట. 1973లో అమెరికాలో బోస్టన్ వాళ్లు రాశారు. మామూలు మాటను రాగంలాగ సాగదీసి, ఒక్కో అక్షరానికి రోగి ఎడమ చెయ్యి మెల్లగా తట్టుతూ, ఇద్దరూ కలిసి అంటారు. తర్వాత రాగం తగ్గిస్తూ పోతారు. పాట పాడితే మాట వచ్చేస్తుందని కాదు సుమా. తత్వమంతా పాడి, మరుక్షణం నీళ్లు అడగలేక చెంబు వైపు చూపించిన రోజులు ఎన్నో. "నీళ్లు కావాల" అన్న రెండు మాటలకే మాకు 19 రోజులు పట్టింది. నేను తేదీలు రాసి పెట్టుకున్నాను.

నెలకోసారి రమ్మని పంపింది. మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. బస్సు లేదు, రైలు లేదు. మేడం "ఫోనులో చూద్దాం" అంది. మా వాకిట్లో వేపచెట్టు కింద తప్ప సిగ్నలు రాదు. చెట్టు కింద మంచం వేసి, ఫోనును చేటకు ఆనించి పెట్టి, వారానికి ఒక గంట. మిగతా రోజుల్లో పొద్దున అరగంట, సాయంత్రం అరగంట నేనే మాస్టరు. ఫోనులో చికిత్స ఏమిటని నేనూ ఎగతాళి చేశాను. మనలాంటి ఊళ్లకు అదే దిక్కని ఇప్పుడు చెబుతున్నాను. మొదట మనిషిని ఎదుట కూర్చోబెట్టి చూడాలి. మింగడం సంగతి తప్పనిసరిగా ఎదుటనే చూడాలి. ఆ తర్వాత మాటలు చెప్పించడానికి, ఇంట్లోవాళ్లకు పద్ధతి నేర్పడానికి ఫోను చాలు.

ఇంట్లోవాళ్లకు నేర్పడం అన్నాను. సగం వైద్యం అదే. నేను చేస్తున్న తప్పులన్నీ మేడం ఫోనులో చూసి పట్టుకునేది. గట్టిగా అరిచి అడిగేవాణ్ణి. ఆమెకు చెవుడు కాదు. టీవీ మోగుతుండగా మాట్లాడేవాణ్ణి. ఒకే గుక్కలో మూడు ప్రశ్నలు వేసేవాణ్ణి. అన్నిటికంటే పెద్ద తప్పు, ఆమె మాట వెతుక్కుంటుంటే ఓపిక లేక నేనే అందించేసేవాణ్ణి. "నోట్లో పది లెక్కపెట్టుకోండి సార్, అప్పుడు అందించండి" అంది మేడం. పది లెక్కపెట్టడం ఎంత కష్టమో చేసి చూడండి. మాట రాకపోతే వేలితో చూపినా, బొమ్మ గీసినా, తల ఊపినా అదీ జవాబే అంది. నీళ్ల విషయంలో, నిటారుగా కూర్చోబెట్టి, గంజి కొంచెం చిక్కగా చేసి, చెంచాతో ఒక్కో గుక్క పట్టమంది. పలచటి నీళ్లే ఎక్కువ దారి తప్పుతాయంట. అది ఈమెకు చెప్పిన పథ్యం. మీ ఇంట్లో మనిషికి ఏది సరిపోతుందో చూపించుకుని తెలుసుకోండి.

ఇక గుమాస్తా పని చెబుతాను. ఎవరి దగ్గరికి పోవాలి?

వీళ్లను స్పీచ్ థెరపిస్టులు అంటారు. డిగ్రీ పేరు బి.ఎ.ఎస్.ఎల్.పి. ఇంటర్న్‌షిప్పుతో కలిపి నాలుగేళ్ల చదువు. వాళ్లు భారత పునరావాస మండలి, అంటే ఆర్.సి.ఐ., రిజిస్టరులో పేరు నమోదు చేయించుకుని ఉండాలి. ఆ మండలి చట్టం 1992లో వచ్చింది. బోర్డు చూసి లోపలికి పోవద్దు. "మీ ఆర్.సి.ఐ. నంబరు ఎంతమ్మా?" అని అడగండి. నిజమైనవాళ్లు కోపగించుకోరు. నేను అడిగితే ఆ కడప అమ్మాయి సంతోషంగా చూపించింది.

మన తరంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వాళ్లందరికీ పెద్ద జబ్బంటే జమ్మలమడుగు కాంబెల్ ఆసుపత్రి, అది దాటితే రాయవేలూరు. రాయవేలూరు సి.ఎం.సి.లో మాటకూ, వినికిడికీ విభాగం ఉంది. ఆ కోర్సు కూడా అక్కడ చెబుతారు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఉంది. కేంద్ర ప్రభుత్వం 1966లో మైసూరులో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దీనికంతటికీ తల్లివేరు. వాళ్లు దూరం నుంచి వీడియోలో కూడా చూస్తారు. తెలుగులో కావాలంటే సికింద్రాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ అలీ యావర్ జంగ్ మన హైదరాబాదువాడే. ఉస్మానియాకు వైస్‌ఛాన్సలరుగా, తర్వాత మహారాష్ట్రకు గవర్నరుగా చేశాడు. వైద్యం ఎక్కడైనా చేయించుకోండి. భాష మాత్రం రోగి భాషే కావాలి. మాట పోయిన మనిషికి ఇంగ్లీషు బొమ్మలు చూపి ప్రయోజనం లేదు. ఎర్రగడ్డ కథ చెప్పాను కదా.

మనవళ్ల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రెండేళ్లు నిండినా బిడ్డ రెండు మాటలు కలిపి అనకపోతే, "వాళ్ల నాయనకూ ఆలస్యంగానే వచ్చింది" అని ఊరుకోవద్దు. ముందు చెవి పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్స కేంద్రాలు పెట్టారు. ఆ కేంద్రాల సిబ్బంది పట్టికలో వినికిడి, మాట నిపుణుల పోస్టు ఉంది. పోస్టు ఉండటం వేరు, మనిషి ఉండటం వేరు అని మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. పోయి అడిగితేనే ఖాళీ ఉందని తేలుతుంది. అడగకపోతే ఖాళీ ఉన్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

కాగితాల సంగతి ఒకటుంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి. మాట పోవడం అందులో వేరుగా లేదు. 2016 చట్టంలో 21 అయ్యాయి. మాట, భాష వైకల్యం అని వేరే పద్దు పెట్టి, అఫేసియా పేరు చట్టంలోనే రాశారు. శాశ్వతంగా మిగిలిపోయిన లోపమైతే సర్టిఫికెట్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. "చెయ్యి, కాలు బాగానే ఉన్నాయి కదా" అని ఎవరైనా తిప్పి పంపితే, ఆ చట్టం షెడ్యూలు చూడమని మర్యాదగా చెప్పండి.

నన్ను ఇంత తిప్పింది ఏమిటో కూడా చెప్పాలి. ప్రేమ అంటే మీరు నవ్వుతారు. భయం. పెన్షనరు పోతే కుటుంబ పెన్షను భార్యకు రావాలి. ఆ దరఖాస్తులు నా చేతుల మీదుగా ఎన్ని నడిచాయో లెక్క లేదు. బల్లకు అటువైపు కూర్చున్న గుమాస్తా అడిగేది నాకు కంఠతా వచ్చు. నీ పేరేమి, భర్త పేరేమి, ఎప్పుడు పోయాడు. జవాబు రాకపోతే పక్కనున్నవాణ్ణి అడుగుతాడు. పక్కనున్నవాడు ఎవరు, ఎట్లాంటివాడు అనేది ఆ ఇంటి అదృష్టం. 2019 చివర్లో ఈమెను ఒక బ్యాంకుకు తీసుకుపోతే, కుడిచేతి సంతకం రాక వేలిముద్ర వేయించేటప్పుడు అక్కడి ఉద్యోగి ఆమె ఎదుటనే నన్ను అడిగాడు, "ఈమెకు తెలివి ఉందా?" అని. నేనూ ఉద్యోగంలో ఉండగా అట్లా ఎవరినో ఒకరిని అడిగే ఉంటాను.

అందుకని మేడం "మొదట ఏ మాటలు కావాలి?" అని అడిగినప్పుడు నేను రాసిచ్చిన పట్టికలో మొదటిది ఆమె పేరు, రెండోది నా పేరు. ఆమె పేరు జూన్‌లో వచ్చింది. నా పేరు రావడానికి ఏడాది పట్టింది. మాట కోసం కొంత, సిగ్గు కోసం కొంత. 2021లో ఎడమచేతి సంతకం నమోదు చేయించడానికి మళ్లీ బ్యాంకుకు పోయాం. కౌంటరులో వేరే అమ్మాయి ఉంది. "అమ్మా, మీవారి పేరు?" అంది. నేను నోరు తెరిచి, మూసుకుని, లోపల లెక్కపెట్టాను. ఏడు దగ్గర ఉండగా మా ఇంటామె నా పేరు ఇంటిపేరుతో సహా చెప్పింది. చెప్పి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పూర్తిగా బాగయిందని నేను అబద్ధం చెప్పను. పొడుగు వాక్యాలు రావు. అలసిపోతే "అది కాదు" మళ్లీ వస్తుంది. కోపమొచ్చినప్పుడు మాత్రం మాటలు బాగానే వస్తాయి, ఎందుకో తెలియదు. మొదటి మూడు నెలల్లో వచ్చే మెరుగే ఎక్కువంట. ఆ మూడు నెలలూ నేను అంగళ్ల చుట్టూ పోగొట్టాను. అయినా ఆ తర్వాత కూడా వస్తుంది, ఇప్పటికీ అప్పుడప్పుడు ఒక కొత్త మాట వస్తుంది. నిన్న రాత్రి "గెనుసుగడ్డ" అంది.

మేడం చెప్పిన పుస్తకం నేను పాత క్యాష్‌బుక్కులో తయారుచేశాను. ఎడమవైపు ఫోటో, కుడివైపు మా ఊరి మాట, వచ్చిన తేదీ. ఇప్పటికి 214 పద్దులు. ఈ సభకు తెచ్చాను, వెనకాల బల్ల మీద ఉంది, భోజనాలయ్యాక చూడండి. కావలసినవాళ్లు జిరాక్సు తీసుకోవచ్చు, ఫోటోలు మాత్రం మీ ఇంటివి అంటించుకోవాలి. మా ఇంటామె ఆడవాళ్ల వరుసలో రెండో కుర్చీలో కూర్చుని ఉంది. పలకరించండి. పలకరించి, కొంచెం ఆగండి.